సానరాయికి తలంటు

జమ్మలమడుగు,
జనవరి 4.

ప్రొద్దుటూరు జాహ్నవి మెషినరీస్ మేనేజరు గారికి, జమ్మలమడుగు వడ్రంగి ఫకీర్ సాహెబ్ సలాం చేసి రాయించేది.

మీరు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే. మీ మిషన్‌కే ఒంట్లో బాగాలేదు.

పులివెందుల ఆదినారాయణ రెడ్డి మీ అంగడిలో ఉలులు సాన పట్టే నీళ్ల మిషన్ కొని నాకు పంపించాడు. ఆయనకు చీనీ తోటలు, అదే బత్తాయి తోటలున్నాయి. కొత్త ఇల్లు కడుతున్నాడు. ఆ ఇంటి సింహద్వారం తలుపులు నేను చేస్తున్నాను. టేకు తలుపులు, వాటి మీద పద్నాలుగు చీనీకాయలు ఆకులతో సహా చెక్కాలి. ఫిబ్రవరి ఇరవై గృహప్రవేశం. అప్పటికి తలుపులు కాకపోతే ఆ పని కంప్యూటరుతో చెక్కే అంగడికి పోతుంది, నా కొట్టానికి తాళం పడుతుంది. నలభై ఆరేళ్ల కొట్టం.

ఆదినారాయణ మొన్న వచ్చి, "పొద్దంతా ఉలి నూరుకుంటా కూచుంటే తలుపు ఎప్పుడు చేస్తావ్ మామా? ఈ మిషన్ పెట్టుకో," అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. అయినా మిషన్‌కు ఒక అవకాశం ఇచ్చాను. స్విచ్చి వేస్తే చక్రం తిరుగుతుంది గానీ, కడుపు నిండా తిన్న మనిషి పక్క మీద ఒత్తిగిలినట్టు తిరుగుతుంది. ఒక్క నిప్పురవ్వ రాలేదు. మా బజారులో సైకిలు మీద సాన పట్టేవాడు కత్తిపీటకే బుట్టెడు రవ్వలు రాలుస్తాడు. మోటారు చెడిపోయింది. వెంటనే వాపసు తీసుకోండి.

ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఒకటి నొక్కమని, రెండు నొక్కమని చెప్పి, పాట పెట్టి వెళ్లిపోయింది. గ్యారంటీ కార్డులో ఫిర్యాదులు రాతపూర్వకంగా పంపాలని ఉంది. అందుకే ఈ ఉత్తరం. రాసేది నా భార్య మహమూదా. నాకూ రాయడం వచ్చు. చేతి నిండా పనుండి ఆమెతో రాయిస్తున్నాను.

ఇట్లు, రవ్వల కోసం ఎదురుచూస్తున్న
ఫకీర్ సాహెబ్.

తా.క.: మహమూదా రాసేది. చేతి నిండా పనేమీ లేదు, మంచం మీద కూర్చుని చెబుతున్నాడు. రవ్వలే కావాలంటే నేను నోరు తెరిస్తే చాలదా అని అడిగాను. ఆ ముక్క రాయొద్దన్నాడు.

ప్రొద్దుటూరు,
జనవరి 8.

గౌరవనీయులైన ఫకీర్ సాహెబ్ గారికి,

మీ ఫిర్యాదు అందింది. దానికి పదిహేడో నంబరు ఇచ్చాము. నేను ఈ షాపులో ఫిర్యాదులు చూసే ప్రసూనను. చేరి మూడు నెలలైంది.

మోటారు చెడిపోలేదండి. రవ్వలు రాకపోవడమే ఈ మిషన్ గొప్ప. వేగంగా తిరిగే రాయి మీద ఉలి కాలుతుంది, మొన నీలం తిరిగి మెత్తబడిపోతుంది. మన రాయి నెమ్మదిగా తిరుగుతుంది, కింద తొట్టిలోని నీళ్లలో మునిగి లేస్తూ ఉలిని చల్లగా ఉంచుతుంది. తొట్టిలో గీత దాకా పోయండి. మొదటిసారి రాయి బాగా తాగుతుంది, తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ ఉండండి. వాపసు తీసుకునే నిబంధన దీనికి వర్తించదు.

భవదీయురాలు,
ప్రసూన.

తా.క.: ఫోన్‌లో మాట్లాడే ఆడమనిషిని నేను కాదు. ఆమె ఎవరో మా ఓనరుకు కూడా తెలియదు.

జమ్మలమడుగు,
జనవరి 13.

అమ్మా ప్రసూనా, దీవెనలు.

నీ ఉత్తరం చదివించుకున్నాను. రాయి తాగుతుందన్నావు, నిజమే. లీటరున్నర తాగి ఇంకా అడుగుతోంది. గానుగ నుంచి నిన్ననే తెచ్చిన శెనగ నూనె, ఇంట్లో ఇక చుక్క లేదు.

నూనె ఎందుకు పోశారని అడుగుతావేమో. ఇనుముకూ నీళ్లకూ పడదు, తుప్పు పడుతుంది. ఇది మా నాయన మొదటిరోజు నేర్పిన పాఠం. నలభై ఆరేళ్లుగా నా రాయి మీద నూనే వేసి నూరుతున్నాను. కస్టమర్లు నూనె ఖర్చుకు జడుస్తారని మీరు పుస్తకంలో నీళ్లని అచ్చు వేసి ఉంటారు. వ్యాపారమన్నాక అవన్నీ ఉంటాయి, నేను అర్థం చేసుకోగలను.

ఇప్పుడు ఉలి పెడితే రాయి మీద జారిపోతోంది. అరగంట పట్టినా గోరంత అరగలేదు. మిషన్ వేసినప్పుడల్లా ఇల్లంతా బజ్జీల వాసన. పక్కింటి వాళ్లు రెండుసార్లు వచ్చి ఏం చేశారని వంటింట్లోకి తొంగి చూసి పోయారు. తలుపు మీద ఇంకా ఒక్క కాయ కూడా చెక్కలేదు. గడువు దగ్గరకొస్తోంది. తప్పు మీది కాబట్టి వాపసు తీసుకోవాలి.

ఇట్లు, లీటరున్నర నష్టపోయిన
ఫకీర్ సాహెబ్.

తా.క.: మహమూదా రాసేది. నాకు రక్తం తక్కువగా ఉంది, ఒంటికి ఇనుము కావాలని డాక్టరు చెప్పాడు. తొట్టిలో మిగిలిన నూనెలో ఇనుప పొడి ఉంది కాబట్టి దాంతో కూర వండుకుంటే సరిపోతుందని ఈయన అంటున్నాడు. మీ పుస్తకంలో దీని గురించి ఏమైనా ఉందా?

ప్రొద్దుటూరు,
జనవరి 17.

ఫకీర్ సాహెబ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం షాపులో పైకి చదివాను. మా ఓనరు మధ్యలోనే లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చారు. నీళ్లంటే నీళ్లేనండి. ఈ మిషన్‌లో నూనె పోసినవారు ఇప్పటివరకు ఎవరూ లేరు కాబట్టి, పోయకూడదని పుస్తకంలో రాయాలని కంపెనీకి తోచలేదు. నూనె తాగిన రాయి గ్యారంటీ కిందికి రాదు. కొత్త రాయి కొనుక్కోవాలి.

ఇంకొక సంగతి. ఉలిని బిగించే చట్రం ఒకటి పెట్టెలో ఉంది. మీరు దాన్ని వాడుతున్నట్టు లేదు. అందులో ఉలి బిగించి రాయి మీద ఆనిస్తే, చేయి కదిలినా వాలు మారదు, పదును సమంగా వస్తుంది.

అప్పటికీ పదును రాకపోతే ఆ ఉలిని మాకు పంపండి. మా మెకానిక్ నయీం చూస్తాడు. తప్పు మిషన్‌దని తేలితే తప్పకుండా వాపసు తీసుకుంటాం.

భవదీయురాలు,
ప్రసూన.

తా.క.: మహమూదా గారూ, ఆ నూనె దయచేసి వాడకండి. ఇనుము మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి. అవి కూడా మా గ్యారంటీ కిందికి రావు.

జమ్మలమడుగు,
జనవరి 27.

ప్రసూనకు,

దీవెనలు తర్వాత. ముందు ఒక మాట తేలాలి. "చేయి కదిలినా" అని రాశావు. ఎవరి చేయి కదులుతుంది? నువ్వు చూశావా? ఎవరైనా చెప్పారా? ఆదినారాయణ వచ్చి ఏమైనా అన్నాడా? జమ్మలమడుగులో ఎవరినైనా అడుగు, ఫకీర్ సాహెబ్ చేయి గురించి. అయిదు రోజులు కోపంతో జవాబు రాయించలేదు.

కోపం తగ్గకపోయినా పని ఆపలేదు. కొత్త రాయి కొనను. కొనవలసి వస్తే నేను ఓడినట్టు. కుంకుడుకాయలు నానబెట్టి, వేడినీళ్లు కాచి, రాయికి మూడు రోజులు తలంటాను. మొదటిరోజు నల్లగా నురుగొచ్చింది. మూడో రోజు తెల్లగా వచ్చింది. మిద్దె మీద ఎండబెట్టి నీళ్లు పోస్తే రాయి నీళ్లు తాగింది. మీ కంపెనీ చేయలేనిది నేను చేశాను. ఈ సంగతి పుస్తకంలో అచ్చు వేసుకోండి, నేనేమీ అడగను.

ఇప్పుడు పంచాయితీ. బస్సు పార్సిల్‌లో రెండు ఉలులు పంపుతున్నాను. రెండూ ముప్పావు అంగుళానివి, ఒకే రోజు ఒకే అంగడిలో కొన్నవి. ఒకటి నా చేత్తో నా రాయి మీద నూరింది. ఇంకొకటి మీ మిషన్ మీద, మీ చట్రంలో బిగించి పట్టింది. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం కట్టాను. ఏది ఏదో రాయను. రాస్తే మనిషిని చూసి తీర్పు చెబుతారు. ఉలిని చూసి చెప్పండి. ఏది బాగుంది, ఏది బాగాలేదు, మొహమాటం లేకుండా రాయండి. దాన్ని బట్టి నేనొక నిర్ణయం తీసుకోవాలి.

ఇట్లు, తీర్పు కోసం కూర్చున్న
ఫకీర్ సాహెబ్.

తా.క.: మహమూదా రాసేది. ఏ దారం దేనికో నాకు కూడా చెప్పలేదు, తలుపు వేసుకుని కట్టాడు. ఇంకొకటి. మాకు పెళ్లై ముప్పై తొమ్మిదేళ్లు. నా తలకు ఒక్కసారి కుంకుడు రసం పోసిన పాపాన పోలేదు. ఆ రాయి అదృష్టం.

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 1.

పూజ్యులైన ఫకీర్ సాహెబ్ గారికి,

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. తప్పు మాదే.

ఎర్ర దారం ఉలితో నయీం తన ఎడమ చేతి మీది వెంట్రుకలు గొరిగి చూశాడు. ఇప్పుడు ఆ చేయి సగం నున్నగా ఉంది, పొడవు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. టేకు ముక్క మీద పెడితే చప్పుడు లేకుండా పలుచని పొర లేచింది. తెల్ల దారం ఉలి అదే టేకును పీకి పెట్టింది. మొన ఒక పక్కకు గుండ్రంగా పోయింది, ఒక్క ఉలికి నాలుగైదు వాలులున్నాయి.

నయీం మోటార్లు బాగుచేసే మనిషి. వడ్రం పని తెలియదు. అయినా చూడగానే చెప్పేశాడు. అతని మాటలే రాస్తున్నాను. "ఎర్రదారంది పెద్దాయన చెయ్యి. యాబై ఏండ్ల పని యాడికి పోతాది? తెల్లదారంది మన మిషన్ చేసిన నాశనం. బేరింగు వణుకుతాండాది. ఆ వణుకు బాగయ్యేది కాదు. దాన్ని పక్కన పడేసేదే మేలు."

మా ఓనరు వాపసుకు ఒప్పుకున్నారు. ఐదో తేదీ ఉదయం మా ఆటో వచ్చి మిషన్ తీసుకుపోతుంది. ఆదినారాయణ రెడ్డి గారికి నేనే ఫోన్ చేసి, మిషనే చెడ్డదని, మీ చేతికి దాని అవసరం లేదని చెప్పాను. ఆయన "అట్లనా" అని ఫోన్ పెట్టేశారు. బాగా సంతోషించి ఉంటారు.

మీ చేతికి నమస్కరిస్తూ,
ప్రసూన.

తా.క.: మీ ఎర్ర దారం ఉలిని మా ఓనరు షాపులో అద్దాల బీరువాలో పెట్టారు. కింద "చేతిపని" అని చీటీ అంటించారు. మీకు అభ్యంతరం లేదనుకుంటాను.

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 5.

బిడ్డా ప్రసూనా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు గీత మీద నిలబడడం లేదు, ఓపిక పట్టి చదువు.

ఎర్ర దారం ఉలి మీ మిషన్ పట్టింది. తెల్ల దారం ఉలి నా చేయి నూరింది.

వణికేది బేరింగు కాదు. రెండేళ్లుగా నా కుడి చేయి వణుకుతోంది. కొయ్య మీద కన్నా రాయి మీద ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే నూరేటప్పుడు ఉలిని ఒకే వాలులో పట్టుకోవాలి. అందుకే పొద్దంతా నూరినా పదును రాదు. అడిగితే బజారులో అందరూ నీ చేయి నీ చేయే సాహెబ్ అంటారు. నా మీద గౌరవంతో అబద్ధం చెబుతారు. నా మొహం చూడని మనిషి ఎవరైనా నిజం చెప్పాలని ఆ ఉలులు పంపాను. మీరు ఉలులను సరిగ్గానే చూశారు. దారాల దగ్గరికి వచ్చేసరికి మీరు కూడా గౌరవంలో పడిపోయారు.

నీ ఉత్తరం చూసి ఒక పూట సంతోషపడ్డాను, దాచడం ఎందుకు. మిషన్ ఆటో ఎక్కించేస్తే నా పేరు మిగిలేది. తలుపులు మాత్రం కంప్యూటరు అంగడికి పోయేవి. సాయంత్రం ఆదినారాయణకు ఫోన్ చేసి చెప్పేశాను. "నా చెయ్యి వణుకుతాది అప్పా. మిషన్ ఉంటే తలుపులు నేనే చేస్తా. చేయిస్తావో లేదో నీ ఇష్టం."

ఆయన అన్నాడు గదా, "అది తెలిసే గదా మామా మిషన్ కొనిస్తి."

మరి ఆ ముక్క మొదటిరోజే నాతో ఎందుకు అనలేదని అడిగితే, అని ఉంటే మిషన్‌ను తన కారు మీదికి విసిరేసి ఉండేవాణ్ణని అన్నాడు. అది నిజమే.

ఇప్పుడు పని తీరు చెబుతాను, నీ తర్వాతి కస్టమర్లకు పనికొస్తుంది. చట్రంలో బిగించాక నా చేయి ఎంత వణికినా ఉలి వణకదు. పదునున్న ఉలి కొయ్యలోకి దిగాక కొయ్యే దాన్ని పట్టుకుంటుంది. మొద్దు ఉలినే బలంగా తొయ్యాలి, అప్పుడే చేయి తప్పుతుంది. మొన్నటి నుంచి మూడు చీనీకాయలు చెక్కాను. ఇంకా పదకొండు ఉన్నాయి. పదిహేను రోజులున్నాయి. అవుతాయి.

మీ ఆటో వచ్చింది. తలుపు చెక్క తిప్పడానికి డ్రైవరుతో ఒక చేయి వేయించుకున్నాను. అన్నం పెట్టి, ఈ ఉత్తరం చేతికిచ్చి పంపుతున్నాను. మిషన్ పంపడం లేదు.

నయీంను ఏమీ అనొద్దు. ఉలి మొన చూసి వణుకు కనిపెట్టినవాడు మంచి మెకానిక్. పక్కన పడేయాలన్న ఒక్క మాట మాత్రం వాపసు తీసుకోమను. బీరువాలోని చీటీ కూడా మార్చండి. చేతిపని చూడాలంటే ఇరవయ్యో తేదీ పులివెందులకు వచ్చి ఆ తలుపులు చూడండి.

ఇట్లు,
ఫకీర్ సాహెబ్, వడ్రంగి.

తా.క.: మహమూదా రాసేది. పై ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆరు కాగితాలు చించాడు. నేను రాస్తానంటే కలం ఇవ్వలేదు. ఈ రెండేళ్లూ ఒలకకుండా ఉంటుందని ఆయనకు టీ సగం గ్లాసే పోస్తూ వచ్చాను. నేను పిసినారినని బజారంతా చెప్పుకున్నాడు, పడ్డాను. ఈ రోజు అంతా బయటపడింది కదా అని మొదటిసారి నిండా పోశాను. సగం చొక్కా మీద పోసుకున్నాడు. తుడుచుకుని గ్లాసు నా ముందు పెట్టి, "ఇంగోసారి నిండా పొయ్యి," అన్నాడు. పోశాను.