పెసల బస్తాలో పురుడు

ఏమండీ,

మన పిల్లి పెసల బస్తాలో పిల్లల్ని పెట్టింది. అందులో ఒక్క గింజ కూడా నానబెట్టకండి. "కడిగితే పోతుందిలే" అంటారని తెలుసు. పోదు. మొలకతోపాటు క్రిమీ పెరుగుతుంది. మన మొలకలు తినేది ఆసుపత్రిలో రోగులు. రేపు సరుకు రాదని క్యాంటీన్ ఆవిడకు నేనే చెప్పి, తిట్లు తిని వస్తాను. మీరు డ్రమ్ములు, జల్లెడలు మరిగే నీళ్లతో కడగండి. ముందు మీ చేతులు సబ్బుతో రుద్దుకోండి. కూనల్ని ముద్దు చేయకుండా ఉండరు కదా! బస్తా వాటికే వదిలేయండి.

అన్నట్టు, తల్లికి మీ శాలువా కప్పారు, చూశాను. నా పురిటప్పుడు మీరు వరండాలో గురకపెట్టారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఉన్న కాసిని పాలూ బాలింతకే పోయండి. మీ టీ సంగతి నేనొచ్చాక చూద్దాం.