డయానాకు చెప్పవలసిన మాట

కౌలాలంపూర్,
శనివారం

అత్తయ్యగారికి వందనాలు.

విజయవాడ ఆసుపత్రిలో ఆ చివరి రోజున క్రిస్టినా రెండు చెంచాల బార్లీ నీళ్ళు తాగింది. పాప అన్నం తిన్నదా అని అడిగింది. సాయంత్రం నాలుగింటికి పోయింది. అమ్మ విమానమెక్కి వెళ్ళిందని మీరు డయానాతో చెప్పారు. నేను కాదనలేదు. పీహెచ్‌డీ కోసం నేనూ ఇక్కడికి వచ్చేసరికి, అమ్మ దగ్గరికే వచ్చాననుకుంటోంది.

నాకు హాస్టల్లో గది దొరికింది. రోజూ మధ్యాహ్నం వాన. సంతలో కరివేపాకు కూడా ఉంది. దిగులు పడకండి.

నిన్న వీడియో కాల్‌లో, "నాన్నా, ఫోన్ అమ్మకియ్యి. ఎప్పుడడిగినా స్నానం చేస్తోందంటావు, అంతసేపేం చేస్తుంది?" అంది. నెట్ పోయినట్టు ఫోన్ కట్టేశాను.

ఫోన్ చేస్తే డయానా మీ ఒళ్ళోనే ఉంటుంది, అందుకే కార్డు రాస్తున్నాను. ఇది చేరేసరికి దానికి తెలిసిపోయి ఉంటుంది. నన్ను కోప్పడండి, దాన్ని మాత్రం ఏడవనివ్వండి. అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తుందని చల్లపల్లిలో క్రిస్టినా సమాధి రాతి మీద పేరు చెక్కించకుండా ఆపాము. ఇప్పుడు చెక్కించండి. మీరు బీపీ మాత్రలు మానకండి. మామయ్యగారికి నా వందనాలు.

రేపు ఉదయం మీరు చర్చికి బయలుదేరేలోపే ఫోన్ చేసి, అమ్మ నా దగ్గర లేదని, చనిపోయిందని డయానాకు నేనే చెబుతాను.

జోయెల్