మా ఇంట్లో అణుబాంబు లేదు

రెండో తేదీ

పట్టణ కార్యాలయంలో మూడో సెక్షన్ అధికారి, అంతకంటే ముందు మా ఇంటి అల్లుడు అయిన మీకు,

ఆశీస్సులు.

ముందుగా ఒక దిద్దుబాటు. "తమ గృహమునందు గల అణ్వాయుధమును తొలగింపవలసినదిగా తాము పెట్టుకున్న అర్జీ అందినది" అని రాశారు. నా గృహమునందు ఉన్నవి రెండు కుర్చీలు, ఒక కుట్టుమిషను, సెలవులకొచ్చి నా మనవరాలు వదిలేసి వెళ్ళిన చెప్పులు. అణ్వాయుధం లేదు. ఉందని నేను అననూ లేదు. అలాంటివి మన ఊళ్ళో తయారుచేయకూడదు, దాచకూడదు, మన రోడ్ల మీదుగా తీసుకెళ్ళకూడదు, వాటిని నిషేధించే ఒప్పందం మీద ప్రభుత్వం సంతకం పెట్టాలి అని పట్టణ సభ ఒక తీర్మానం చెయ్యాలన్నాను. ముప్ఫయ్యో తేదీ సమావేశం అజెండాలో దాన్ని చేర్చమన్నాను. అంతే.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో కూడా కనిపెట్టాను. మీ కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండా "ఏదైనా కావాలా, వద్దా?" అని అడిగింది. "వద్దు" అన్నాను. గులాబీ రంగు ఫారం ఇచ్చింది. కావాలనే వాళ్ళకి పచ్చది, వద్దనే వాళ్ళకి గులాబీ. ఇన్నేళ్ళ ఆఫీసులో మూడో రంగు అవసరం ఎవరికీ పడలేదట! "వస్తువు పేరు" దగ్గర అణ్వాయుధాలు అని, "తొలగించవలసిన చోటు" దగ్గర ఈ ఊరు, ఆ పైన ప్రపంచం అని రాశాను. ప్రపంచానికి డోర్ నంబరు లేదని కొట్టేసి, మా ఇంటి నంబరు వేసుకున్నది మీవాళ్ళే.

ఈ సభకి ముప్ఫయ్యో తేదీదే ఆఖరి సమావేశం. తర్వాత ఎన్నికలు, కొత్త మొహాలు, మళ్ళీ అ ఆ ల దగ్గర్నుంచి చెప్పుకు రావాలి. నాకు డెబ్బయ్యెనిమిది. అంత తీరిక లేదు.

ఇట్లు,
మీ అత్తగారు
(అధ్యక్షురాలు, శాంతి సంఘం. సభ్యులు ఏడుగురు, మోకాళ్ళు సవ్యంగా ఉన్నవారు ఇద్దరు.)

తా.క. "వస్తువు బరువు" అన్న గడి ఖాళీగా వదిలానని తప్పు పట్టారు. ఆ బరువు రాయడానికి మీ గడి చాలదు నాయనా.

*

ఐదో తేదీ

అర్జీదారు గారికి,

విషయం: అణ్వాయుధ తొలగింపు.

తమ దిద్దుబాటును ఫైలులో చేర్చడమైనది. అయితే గులాబీ ఫారముపై వచ్చిన అర్జీని వేరే రంగులోనికి మార్చు అధికారము ఈ సెక్షనుకు లేదు. కావున నిబంధనల ప్రకారం పారిశుద్ధ్య విభాగమునకు పంపడమైనది. మంగళవారం ఉదయం ఆరు గంటలకు బండి వచ్చును. వస్తువును తడి చెత్తతో కలపక, విడి సంచిలో, గుమ్మము బయట ఉంచవలెను. పదునైన అంచులున్నచో కాగితము చుట్టవలెను.

ఇట్లు,
సెక్షన్ అధికారి

తా.క. అత్తయ్యగారూ, నమస్కారం. పైన రాసింది నేను కాదు, నా కుర్చీ. ఈ అర్జీదారు మీకేమవుతారని కమిషనరుగారు అడిగారు. దూరపు బంధువు అన్నాను. మూడు వీధుల దూరం అబద్ధం కాదు కదా. నా ప్రమోషను కాగితం ఆయన సొరుగులోనే ఉంది. ఈ వయసులో మీకీ బాంబుల గొడవెందుకు? హాయిగా కూర్చుని మొక్కలు పెంచుకోకూడదూ?

రెండో తా.క. ఈ ఉత్తరం చదివి మీ అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది.

*

ఎనిమిదో తేదీ

దూరపు బంధువుగారికి,

ఆశీస్సులు.

బండి ఆరుగంటలకు రాలేదు, ఆరూ పదికి వచ్చింది. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని ఇద్దరు దిగారు. పెద్దాయన గుమ్మం చుట్టూ చూసి, "సంచేదమ్మా?" అన్నాడు.

"ఏం సంచి?"

"బాంబు సంచండీ. కాగితంలో విడి సంచి అని రాసిచ్చారు."

"లేదు."

"పోనీ, రేపు పెడతారా?"

"రేపూ ఉండదు. ఎల్లుండీ ఉండదు."

"మరి అర్జీ ఎందుకు పెట్టినట్టమ్మా?"

"ఎప్పటికీ ఉండకూడదని."

ఆయన కాసేపు తొడుగు చేత్తోనే గడ్డం గోక్కున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, "అయితే మా వీధిక్కూడా ఒకటి పెట్టండమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు. మీ కార్యాలయంలో నాకు తగిలిన మొదటి తెలివైన మనిషి. ఖాళీ చేతులతో వెళ్తే పైవాళ్ళు తిడతారంటే ఇల్లంతా చూసుకోమన్నాను. ఇద్దరికీ టీ ఇచ్చాను. రసీదు రాసిచ్చారు: "లోపలి గది, వంటగది, పెరడు, మంచము క్రింద వెదకడమైనది. అణ్వాయుధము కనబడలేదు." సంతకం, ముద్ర.

అంటే మా ఇల్లు అణ్వాయుధాలు లేని ఇల్లని మీ ఆఫీసే ఒప్పుకుంది. ఇలాంటిదే ఊరు మొత్తానికీ ఇప్పించండి. అది ముప్ఫయ్యో తేదీన సభ ముందుంటే చాలు.

ఇంక మొక్కల సంగతి. ముప్ఫైనాలుగేళ్ళు భూగోళం చెప్పాను. ఆ రోజుల్లో నెలకోసారి గంట మోగేది. బాంబు పడితే ఏం చెయ్యాలో పిల్లలకి నేర్పమని పైనుంచి ఉత్తర్వు. గంట వినబడగానే అందరూ బల్లల కింద దూరి, తల మీద చేతులు పెట్టుకోవాలి. ఓసారి మూడో వరస పిల్ల బల్ల కిందనుంచే, "టీచర్, ఈ బల్ల చెక్కదే కదా?" అంది. "మాట్లాడకుండా తల దించుకో" అన్నాను. దానికి సరైన జవాబు నాకు తెలుసు. భయపడి చెప్పలేదు. ఆ జవాబు ఇప్పుడు చెబుతున్నాను, పెద్దగా, నలుగురితో కలిసి. మొక్కలు మీరు పెంచుకోండి.

ఇట్లు,
అత్తగారు

తా.క. మా అమ్మాయి మాట్లాడ్డం మానేస్తే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో నాకు తెలుసు. శాంతి విలువ మీకు ఆ రకంగానైనా తెలిసొస్తుంది.

*

పదో తేదీ

అర్జీదారు గారికి,

సదరు రసీదు ఒక్క ఇంటికి మాత్రమే చెల్లును. పట్టణము మొత్తమునకు ధ్రువపత్రము కావలెనన్నచో, మొత్తము 3,140 గృహముల యజమానులు ఒక్కొక్కరు "నా ఇంట అణ్వాయుధము లేదు" అని నిర్ణీత నమూనాలో, రెండు ప్రతులలో, స్వహస్తముతో సంతకము చేసి ఇవ్వవలెను. గడువు: ఇరవై ఎనిమిదవ తేదీ సాయంత్రము ఐదు గంటలు. నమూనా జతచేయడమైనది.

ఇట్లు,
సెక్షన్ అధికారి

తా.క. అత్తయ్యగారూ, ఈ షరతు కమిషనరుగారి సొంత తెలివి. చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇక ఆవిడ ఊసు ఉండదు" అని నవ్వారు. నేనూ నవ్వాను, ఉద్యోగ ధర్మం. కోపం తెచ్చుకోకండి. మోకాళ్ళు జాగ్రత్త.

*

ఇరవయ్యో తేదీ

అల్లుడుగారికి,

ఆశీస్సులు. కోపమా? కమిషనరుగారికి నా ధన్యవాదాలు చెప్పండి. పదేళ్ళుగా సంతకాలకి వెళ్తే "ఏ పార్టీ తరఫున?" అని మొహం మీదే తలుపేసేవారు. ఇప్పుడు "ఆఫీసు కాగితం" అనగానే కుర్చీ వేస్తున్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటే ఇదే.

మా సంఘం కార్యాలయం టైలరు కొట్టు మీద గది. ఆయన కత్తిరింపుల బల్ల మీద ఊరి పటం పరిచి, వీధులు పంచుకున్నాం. రిటైరైన నర్సుకి ఆసుపత్రి వైపు, లెక్కల మాస్టారికి మార్కెట్టు వెనక. మాస్టారు మొదటి రోజు పదకొండు ఇళ్ళే తిరిగారు. ప్రతి ఇంట్లో కూర్చుని, ఒక్క బాంబుకి ఎన్ని చదరపు మైళ్ళు పోతాయో లెక్క వేసి చూపిస్తున్నారట. "లెక్క తర్వాత, ముందు సంతకం" అని గట్టిగా చెప్పాక నలభైకి పెరిగారు.

నమూనాలో "ఇతర వివరములు" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే చూడ్డానికి బావుండదని మేమే నింపి అచ్చువేయించాం: "ఈ ఊళ్ళో గానీ, నా పేరు చెప్పి మరెక్కడైనా గానీ ఉంచడానికి ఒప్పుకోను. నిషేధ ఒప్పందం మీద ప్రభుత్వం సంతకం పెట్టాలని పట్టణ సభ తీర్మానించాలి." చదివి వినిపించాకే సంతకం తీసుకుంటున్నాం. మోసం మాకొద్దు.

అందరూ మంచివాళ్ళే అనను. ఒకాయన, "మా ఇంట్లో బాంబు లేదు గానీ మా అత్తగారున్నారు, అది రాయొచ్చా?" అన్నాడు. వేరే గడి లేదన్నాను. ఇంకొకావిడ, "పక్కింటివాళ్ళు పెట్టారా?" అంది. పెట్టారన్నాను. "ఎదురింటివాళ్ళు?" పెట్టారు. "మరి నేను పెట్టకపోతే మా ఇంట్లో ఉందనుకుంటారు కదా!" అని కలం లాక్కుంది. దేశాలు కూడా ఇలాగే ఆలోచిస్తే ఎంత బావుండును! అక్కడేమో పక్కవాడికుందని తామూ తెచ్చుకుంటారు.

ఇప్పటికి 1,904.

ఇట్లు,
అత్తగారు

తా.క. మోకాళ్ళు బాగున్నాయి. పాడైంది చెప్పులు. మనవరాలివి వేసుకుని తిరుగుతున్నాను. గులాబీ రంగు, మడమ దగ్గర సీతాకోకచిలుక. అధ్యక్షురాలి హోదాకి తగ్గట్టే ఉన్నాయి.

*

ఇరవై నాలుగో తేదీ

అర్జీదారు గారికి,

తమ సంఘము ఇంటింటికి తిరుగుటవలన, కార్యాలయము బాంబుల కొరకు ఇళ్ళు సోదా చేయబోవుచున్నదని పుకారు పుట్టినది. ప్రజలు అనుమానాస్పద వస్తువులను తామే తెచ్చి అప్పగించుచున్నారు. నేటి సాయంత్రమునకు అందినవి: మూత లేచిపోయిన ప్రెషర్ కుక్కర్లు తొమ్మిది, తుప్పు పట్టిన నీళ్ళ బాయిలర్లు నాలుగు, నీళ్ళ మోటారు ఒకటి, తాళముచెవి పోయిన ఇనుప పెట్టె ఒకటి. పెట్టె తెచ్చిన వృద్ధుడు అది తన తండ్రిదనియు, లోపల ఏమున్నదో తెలియదనియు, తెలుసుకొను ఉద్దేశము లేదనియు చెప్పి వెళ్ళిపోయెను.

వరండాలో నడచుటకు దారి లేదు. కావున కమిషనరుగారు ఇట్లు ఆదేశించిరి: ఏ ఇంటను అణ్వాయుధము దొరకలేదు గనుక, లేని వస్తువును గురించి సభ చర్చింపదు. అజెండా ఖరారైనది. అందులో తమ అంశము లేదు. ఫైలు మూసివేయడమైనది.

ఇట్లు,
సెక్షన్ అధికారి

తా.క. అత్తయ్యగారూ, నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. దాని గురించి కాదు ఈ తా.క. నిన్న ఇంటికొచ్చేసరికి మన ఇంటి ఫారం మీద మీ అమ్మాయి "యజమాని" అన్న చోట సంతకం చేసేసింది. రెండు ప్రతుల మీదా. నేనేమిటి మరి అన్నాను. "మీరు ఇతర వివరాలు" అంది.

ఒక మాట చెప్పాలి. వరండాలో వరసలో నిలబడ్డవాళ్ళని ఇవాళ పొద్దున్నించీ చూస్తున్నాను. ఎవరూ నవ్వడం లేదు. నవ్వుతున్నది మా ఆఫీసులో వాళ్ళమే. ఫైలు మూసేశామని నేను రాసిన ముక్క నాకే బాలేదు. కానీ ఖరారైన అజెండాని నాబోటివాడు తెరవలేడు. ఇక వదిలెయ్యండి.

*

ఇరవై ఎనిమిదో తేదీ, మధ్యాహ్నం

అల్లుడుగారికి,

ఆశీస్సులు.

మీరు తెరవలేరని నాకు తెలుసు. తెరవమని అడగడం లేదు. నేను వదిలెయ్యడమూ లేదు. ఈ నాలుగు రోజులూ ఏడుగురం కాదు, అరవై ముగ్గురం తిరిగాం. నర్సు వీల్‌చైరులో ఉన్న ఒకావిణ్ణి తోసుకుంటూ మరీ వెళ్ళింది. ఆవిడే పట్టుబట్టిందట, తన వీధి తనే చేస్తానని. చెత్తబండి పెద్దాయన తన దారిలో ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "సంచి వద్దు, సంతకం చాలు" అంటూ రెండు వందల ఇళ్ళు తెచ్చాడు. మొత్తం 3,122. మిగిలిన పద్ధెనిమిదిలో పదకొండు తాళం వేసిన ఇళ్ళు. ఏడుగురు ఒప్పుకోలేదు. అది వాళ్ళిష్టం. ఊరు మొత్తానికి ధ్రువపత్రం రాదు, తెలుసు. అది లేకపోయినా ఫరవాలేదు.

ఎందుకంటే నిన్న లెక్కల మాస్టారు కాగితాలు వీధుల వారీగా సర్దుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. "టీచరుగారూ, ఈ సంతకం ఎవరిదో చూశారా?" అన్నారు. చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. తర్వాత అందరం కలిసి మొత్తం కట్టలన్నీ విప్పాం.

పట్టణ సభ సభ్యులు ఇరవై ఒక్కరు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి. ఇరుగుపొరుగులున్నారు. ఊరంతా సంతకం పెట్టాక తామొక్కరే పెట్టకపోతే బాంబు తమ మంచం కిందే ఉందనుకుంటారని వాళ్ళకీ భయమే. పదిహేడు మంది పెట్టారు. "ఇతర వివరములు" గడి కిందే, చదివించుకుని మరీ. మీ సభ నియమావళి మా గ్రంథాలయంలో ఉంది. దాన్ని నా ముందు ఎవరూ తీసినట్టు లేదు, పేజీలు అంటుకునే ఉన్నాయి. పద్నాలుగో నియమం: సభ్యుల్లో సగంమందికి మించి ఒకే కోరిక మీద సంతకం చేసి ఇస్తే, అజెండా ఖరారైనా సరే, ఆ అంశాన్ని మొట్టమొదట చేపట్టి తీరాలి. ఇందులో కమిషనరుగారి అనుమతి ప్రసక్తి లేదు. మీరు ఎదిరించాల్సింది ఎవర్నీ లేదు. ఐదు గంటల్లోపు కాగితం తీసుకుని ముద్ర వెయ్యండి, అంతే. ఇక ఓటింగంటారా, పదిహేడు మంది తమ సంతకానికి తామే అడ్డంగా ఎలా చెయ్యెత్తుతారో చూద్దామని మేం అరవై ముగ్గురం ముందు వరసల్లో కూర్చుంటాం.

సంజాయిషీలో నిజమే రాయండి: ఆఫీసు పెట్టిన షరతును అర్జీదారు అక్షరాలా పాటించింది.

ఇట్లు,
అత్తగారు

తా.క. ఏడో వార్డులో ఒక ఫారం మీద సంతకం మొదట గుర్తుపట్టలేదు. కమిషనరుగారిది. మాస్టారు వెళ్ళేసరికి ఆయన ఇంట్లో లేరట, వాళ్ళమ్మగారు కాగితం తీసుకుని సాయంత్రం సంతకం చేయించి పంపారు. రెండు ప్రతుల మీదా.

రెండో తా.క. ఆరు వేల పైచిలుకు కాగితాలు, విడివిడిగా తెస్తే వరండాలో గాలికి పోతాయి. ఉత్తరం అందిన వెంటనే పురికొస రెండు ఉండలు పట్టుకుని టైలరు కొట్టు మీద గదికి రండి. మార్కెట్టు మూల కొట్లో పాతది అంటగడతాడు, అక్కడే ఒక మూర లాగి, తెగకపోతేనే తీసుకోండి. నాలుగున్నర దాటనివ్వకండి.