చుట్టాల గది

అయినా కాగితం పీకినంత తేలిగ్గా జిగురు పోదు కదా, అన్నయ్యా. నా గది తలుపు మీద నువ్వు అంటించిన "చుట్టాల గది" స్టిక్కర్ పొద్దున నేనే పీకేశాను. దాని జిగురు మాత్రం ఉడుంపట్టు పట్టింది. నాకు డ్యూటీకి టైమైపోయింది. అంటించింది నువ్వే కాబట్టి వదిలించేదీ నువ్వే.

చాకుతో గీకకు, తలుపు రంగు లేచిపోతుంది. నీళ్లతో రుద్దితే ఇంకా సాగుతుంది, నేను రుద్ది చూశాను. వంటనూనెలో దూది ముంచి దాని మీద అద్ది, నువ్వు కాఫీ తాగేదాకా నాననివ్వు. తర్వాత నీ పాత బనీనుతో గట్టిగా తుడిచి, సబ్బునీళ్లతో జిడ్డు కడిగెయ్యి.

"అన్ని గదులకీ పేర్లు పెట్టానే పిచ్చిమొహమా, అంతే" అన్నావు. నిజమే, నీ మనసులో ఏమీ లేదు. మనసులో లేని మాట చేతికెలా వచ్చిందా అని ఆలోచిస్తూనే ఉన్నాను. నేను మా ఆయన్ని వదిలేసి వచ్చాను, చుట్టపుచూపుగా రాలేదు. పుట్టిందీ ఈ ఇంట్లోనే, ఇకమీదట ఉండేదీ ఇక్కడే. వదిన అడిగితే ఇదే చెప్పు, నసగకుండా.

నీ టిఫిన్ మూతపెట్టి ఉంచాను. చుట్టాలు వండిపెట్టరు, గమనించు.

ఇంకో మాట. గేటు మీద నీ పేరు కింద నా పేరు కూడా రాసేశాను. రంగు ఇంకా ఆరలేదు, చెయ్యి పెట్టకు.