ఏడో టేబుల్ మార్కుల షీటు

ఫిబ్రవరి 3
మెడికోల ప్రాక్టికల్స్‌లో ఏడో టేబుల్ ఈసారీ నాకే. రోగి పోయాడని భార్యకు స్టూడెంట్ చెప్పాలి, నేను మార్కులెయ్యాలి. ఐదు నిమిషాలు. గంట కొట్టగానే స్టూడెంట్ పక్క టేబుల్‌కి. హెచ్.ఓ.డి. గారు నా మొహం చూడకుండానే అడిగారు — "మేడం, మీకు కష్టమైతే వేరేవాళ్లకిస్త..." మా ఆయన పోయి మూడు నెలలే కదా అని. అక్కర్లేదన్నాను. మొండిదాన్ని.

ఫిబ్రవరి 4
పాత మార్కుల షీటు తీశాను. నేను తయారు చేసిందే. ఒకటి, తన పేరు చెప్పాలి. రెండు, ఎదుటి మనిషి ఎవరో కనుక్కోవాలి. మూడు, "మీకు ఇంతవరకు ఏం తెలుసు?" అని అడగాలి. నాలుగు, విషయం చెప్పాలి.
ఆ కింద చదవలేకపోయాను.

ఫిబ్రవరి 6
రాసేస్తాను, ఇక్కడైనా. ఆయన పోయిన రోజు, ఐసీయూ బయట బెంచీ మీద నేను. వచ్చింది కిరణ్. ఏడో టేబుల్ దగ్గర నా చేత్తో పదికి పది వేసిన కిరణ్. "నేను డాక్టర్ కిరణ్‌ని మేడం." నువ్వెవరో నాకు తెలియదా! "మీరు పేషెంట్ భార్యే కదా?" తెలిసే అడుగుతున్నాడు... "మీకు ఇంతవరకు ఏం తెలుసు మేడం?"
అంతే. నాలుగోది ఏమిటో నాకు తెలుసు. వాడు చెప్పకముందే ఆయన పోయారు.
వాడినేమనను? నేను నేర్పినట్టే చెప్పాడు. ఒక్కటీ వదల్లేదు.

ఫిబ్రవరి 9
చిక్కడపల్లి మార్కెట్లో చేమదుంపలు తీసుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది — అవి తినేది ఆయనొక్కరే.

ఫిబ్రవరి 11
భార్యగా నటించడానికి స్వప్న వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది.
"ఎప్పుడు ఏడ్వాలె మేడం?"
"షీట్లో మూడోది అడగ్గానే."
"ఇంక చెప్పకముందే ఎట్ల ఏడుస్తరు?"
నేనింకా ఏడవనే లేదు.

ఫిబ్రవరి 12
మూడోది కొట్టేశాను. "పక్కన కూర్చోవాలి" అని రాశాను. అదీ కొట్టేశాను — మార్కు కోసం కూర్చుంటారు. పాత షీటే నారాయణగూడలో జిరాక్స్‌కిచ్చాను.

ఫిబ్రవరి 17
పరీక్ష. ఎగ్జామినర్ నోరు విప్పకూడదు. నాలుగో స్టూడెంట్ ఒక అమ్మాయి. స్వప్నని అడిగింది — "మీకు ఇంతవరకు ఏం తెలుసమ్మా?"
"పొద్దున ఇడ్లీ తిన్నారు. రేపు ఇంటికి పంపిస్తామన్నారు."
అన్నది స్వప్న కాదు. నేను.
ఆ అమ్మాయి తెల్లబోయింది. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి. గంట కొట్టారు. ఆ అమ్మాయి లేవలేదు.

ఫిబ్రవరి 18
మార్కులు ఈ రోజే ఇచ్చెయ్యాలి. ఆ అమ్మాయి షీటు మాత్రం ఇంకా నా దగ్గరే. నాలుగోది చెప్పనే లేదు... షీటు ప్రకారం ఫెయిల్. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.