గడ్డి మీద దూది

మంగళవారం, తార్నాక

పొద్దున్నే నేను చూసుకునే క్యాంపస్ లాన్‌లోకి వెళ్లేసరికి గడ్డి మీద దూదిలా తెల్లటి బూజు పరుచుకుని ఉంది. పరకలు చేతికి జిడ్డుగా తగిలాయి. తడి ఎక్కువై వచ్చే తెగులే, సందేహం లేదు.

ఎస్టేట్ ఆఫీసర్ వచ్చేసరికి ఎండకు బూజు మాయమై, గోధుమరంగు మచ్చలే మిగిలాయి.

"గడ్డి ఎండిపోతున్నది కదా మేడం! నీళ్లు పెడ్తలేరా?"

"ఎండుతలేదు సార్, కుళ్లుతున్నది. సాయంత్రం పెట్టిన నీళ్లు రాత్రంతా ఆరుతలేవు."

పొద్దున ఫోన్‌లో తీసిన బూజు ఫోటో చూపించాను.

"ఇది సాలెగూడు మేడం. స్నాతకోత్సవం ముందట పెట్టుకొని ఏందిది? ఇయ్యాల్టి నుంచి రెండు పూటలా నీళ్లు పెట్టించుండ్రి."

సాలెగూడట! తెగుళ్లు చదివింది నేను, పేరు పెట్టేది ఆయన.

ఆయన కారెక్కగానే లాన్‌కు నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, ఎవరూ తిప్పకుండా దాని పిడి ఊడదీసి బ్యాగులో వేసుకున్నాను. మచ్చల మీద మందు కూడా కొట్టించాను.

అయితే ఒకటే గుబులు. తడి ఆరితే రేపు బూజు కనిపించదు. నా మాటకు రుజువే ఉండదు. నీళ్లు పెట్టిస్తే రుజువు దొరుకుతుంది, గడ్డి పోతుంది.

కాంట్రాక్టు ఉద్యోగం. తీసేస్తే తీసేయనీ.

పిడి మాత్రం ఇవ్వను.