ఎరుపు నిలవని నీళ్ళు

ఫిబ్రవరి 3
నా పేరు సంగాని దుర్గమ్మ. కార్డులో డెబ్బై రెండేళ్ళు, అసలు ఇంకా ఎక్కువే. ఊరు ఓడలరేవు. ఇంట్లో నేను, కోడలు లక్ష్మీతులసి, ఒక మేక. నాకు చదువు రాదు. నేను చెబుతాను, కోడలు రాస్తుంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

పక్కన పోలిరాజు రొయ్యల చెరువు తవ్వాక నా నుయ్యి ఉప్పగా అయిపోయింది. తహసీల్దారు గారి ముందు వాడేమన్నాడో రాయి. ఆయ్, నూతికేం కాలేదండి, మామ్మగారి నాలుకే ఉప్పుబట్టిందండి అన్నాడు. తహసీల్దారు గారు నీళ్ళ టెస్టు రిపోర్టు తెమ్మన్నారు.

ఫిబ్రవరి 5, పొద్దున్న
అమలాపురం ల్యాబుకు వెళ్తున్నాను. నూతి నీళ్ళు మంచి పని మీద గడప దాటితే చిటికెడు పసుపు వెయ్యాలి. గంగమ్మ కదా. సీసాలో వేశాను.

ఫిబ్రవరి 5, సాయంత్రం
ఒళ్ళు మండిపోతోంది. ల్యాబులో పద్మశ్రీ అనే పిల్ల సీసా చూసి, ఇవి నీళ్ళాండీ చారాండీ మామ్మగారూ అని నవ్వింది. రంగును బట్టి ఉప్పు తేల్చే టెస్టట. పసుపు కలిస్తే పనికిరాదట.

ఫిబ్రవరి 6
పోలిరాజుకు తెలిసిపోయింది. పసుపు కలిపిన ముసల్ది ఉప్పు కలపదా అని ఆటోలవాళ్ళందరికీ చెప్పాడు. నాకు కాలు నిలవడం లేదు. గుమ్మంలోకి, నూతి దగ్గరికి, మళ్ళీ గుమ్మంలోకి.

ఫిబ్రవరి 8
వాడి తల్లి సుబ్బమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ తాగేదీ మా నూతి నీళ్ళే. నీ చేత్తో తోడి, నీ ఒళ్ళో పెట్టుకుని ల్యాబుకు రా వదినా అన్నాను. వాడు బయటికి గెంటితే నీ మేక పక్కన పడుకోవాలే అంది. అది అరుస్తుంది, ముందే చెబుతున్నా అన్నాను. చెప్పులు వేసుకుంది.

ఫిబ్రవరి 9
ఫ్లాస్కంటే టీ పోసుకునేదనుకున్నాను. ఇది గాజుది. అడుగు వెడల్పు, మూతి సన్నం, ఎంత గిరగిరా తిప్పినా చుక్క బయటికి రాదు. పద్మశ్రీ ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో మావి పోసింది. రెండిట్లోనూ పసుప్పచ్చటి మందు వేసింది. నేను వేస్తే తప్పయింది! పై గొట్టంలోంచి వేరే మందు చుక్కలుగా వదిలింది. చుక్క పడ్డచోట ఎర్రబడుతుంది, తిప్పగానే పోతుంది. ఉప్పు ఉన్నంతసేపూ ఎరుపు నిలవదట. కుళాయి నీళ్ళు కాసేపటికే ఇటుక రంగుకు వచ్చేశాయి. మావి రావే! గొట్టం ఖాళీ అయితే మళ్ళీ నింపింది. ఇంకా నిలవలేదా అమ్మా, ఇంకా నిలవలేదా అని సుబ్బమ్మ అడుగుతూనే ఉంది. చివరికి అడగడం మానేసింది.

ఫిబ్రవరి 10
రిపోర్టు వచ్చింది. తాగడానికి పనికిరావట. చెరువు ఆపించాలి, ఇదే నా అర్జీ.
పొద్దుటినుంచీ మేక ఒకటే అరుపు. కొత్త మనిషిని చూసి.

దుర్గమ్మ వేలిముద్ర
సాక్షులు: లక్ష్మీతులసి, కోడలు.
సుబ్బమ్మ, పోలిరాజు తల్లి. ప్రస్తుతం మా ఇంట్లో కాపురం.